పాట ఎత్తేవాళ్ళు

ఇటలీ,
ఏప్రిల్ 14, 2024

ప్రేమలతక్కకు,

హేమ వందనాలు. ఇది నాయనకు చదివి వినిపించే ముందు ఆయన కళ్ళద్దాలు తుడిచి పెట్టు. వినడానికి అద్దాలెందుకని నవ్వకు. అవి ఉంటేనే ఆయనకు సరిగ్గా వినిపిస్తుందని మనకు తెలుసు కదా.

ఫోను వద్దు, ఉత్తరమే రాయి అన్నావు. నాయన ఫోను చెవికి పెట్టుకుని, ఒక్క మాటా అనకుండా నీ చేతికి ఇచ్చేస్తున్నాడు. నా మీద కోపమా? నాలుగేళ్ళుగా రాలేదని కోపం ఉంటే తిట్టమను. తిట్టడానికైనా ఆ గొంతు వినాలని ఉంది.

ఈ మధ్య ఒక ఇంటికి వెళ్ళాను. మా సిస్టర్లు నడిపే వృద్ధుల ఆశ్రమంలో నేను చూసుకునే అవ్వ ఉందని రాశాను కదా, తొంభై దాటినామె. ఎప్పటి నుంచో తీసుకుపొమ్మని అడుగుతోంది. పాటలు కట్టిన ఒక పెద్దాయన పుట్టి పెరిగిన ఇల్లు అది. ఆయన పోయి వందేళ్ళ పైమాటే. పేరు రాసినా నీకు నోరు తిరగదు, నాకే తిరగదు. చిన్నప్పుడు గుళ్ళో పాడేవాడట. ఆయన పేరెత్తితే ఇక్కడ రొట్టెలమ్మేవాళ్ళ ముఖాలు కూడా వెలిగిపోతాయి.

ఇల్లు ఆయన పసితనంలో ఎలా ఉందో అలాగే ఉంచారు. ఆయన పడుకున్న మంచం, వాళ్ళమ్మ పొయ్యి, ఇనుప గరిటె, చిన్న చొక్కా. అద్దాల పెట్టెలో ఆయన తలవెంట్రుకలు కొన్ని దారంతో కట్టి పెట్టారు. ఆయన వేళ్ళు పెట్టి నేర్చుకున్న వాద్యం కూడా ఉంది. మన హార్మోనియం లాంటిదే, కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. మెట్లు పసుపుబారాయి. ఒక మెట్టు నడుమ అరిగి గుంట పడింది, నాయన హార్మోనియం పెట్టెలో మధ్యమం అరిగినట్టే. దాని మీద కూడా అద్దం మూత.

టికెట్టు తీసుకుని లోపలికి పోయాక ఎవరూ గట్టిగా మాట్లాడరు. మగవాళ్ళు టోపీలు తీస్తారు. మా అవ్వ చక్రాల కుర్చీలోనే గుండె మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

నాయన ఇంకా మట్టికి వెళుతున్నాడా? ఎవరు పోయినా పాట ఎత్తడానికి మాదన్న మేష్ట్రు ఉండాల్సిందేనని ఇప్పటికీ మనుషులొచ్చి పిలుచుకుపోతున్నారా? ఎండలో పంపకు.

మీ చిన్నది,
హేమ


ఎమ్మిగనూరు,
మే 6, 2024

చెల్లి హేమకు,

మరియతల్లి నీడ నీ మీద ఉండాలి.

ఉత్తరం అందింది. బడికి సెలవులు, వంట పని లేదు. నిదానంగా చదివాను. నాయన రెండుసార్లు చదివించుకున్నాడు.

కోపం కాదు. గొంతు పోతోంది. క్రిస్మసు నుంచి బొంగురుగా ఉండేది. ఇప్పుడు గాలి మాత్రమే వస్తోంది. దగ్గరికి వంగితే మాట తెలుస్తుంది. ఫోనులో తెలియదు. అందుకే ఉత్తరం రాయమన్నాను.

తమ్ముడు విజయ్ ఆదోనిలో మిల్లుకు సెలవు పెట్టి వచ్చి, కర్నూలులో డాక్టరుకు చూపించాడు. గొంతులో పుండు. మాటపెట్టె తీసేయాలన్నారు. తీస్తే మనిషి ఉంటాడు, మాట ఉండదు. జూన్ ఇరవైకి రమ్మన్నారు. నాయన ఒప్పుకోలేదు. "మాట ల్యాకుండా నేనేం సేసేది పాపా? ఎద్దు నయం, అంబా అన్నా అంటాది" అన్నాడు.

నువ్వు వెళ్ళిన ఇంటి సంగతి. ఆ పునీతుడి పేరు రాయలేదు. నోరు తిరగకపోయినా రాయి. జపంలో పేరు చెప్పాలి.

చదివేటప్పుడు కౌతాళం ఉచ్చీరప్ప కూడా ఉన్నాడు. నాయన దగ్గర కృష్ణుడి వేషం నేర్చుకున్న ఉచ్చీరప్పే. ఇప్పుడు పొట్ట వచ్చింది, వేషం లేదు, రాకపోకలు మాత్రం ఉన్నాయి. అంతా విని, "ఎంటికలు కూడా దాసి పెట్టినారంటే మామూలు మనిషి కాదు మేష్ట్రూ. మహిమ గల తావు అది" అన్నాడు. మరి టికెట్టు ఏమిటని అడిగాను. "టికెట్టు యాడ లేదమ్మా ఇప్పుడు?" అన్నాడు.

నాయనకు ఆ మాట పట్టుకుంది. పాటల పునీతుడు పాటగాడి గొంతు కాపాడడా అంటున్నాడు. ఇంకోసారి పో. మాదన్న అని పేరు చెప్పి మొక్కు. కొవ్వొత్తి పెట్టు. గొంతు నిలబడితే పెట్టె ఎత్తుకుని వచ్చి ఆ ఇంటి వాకిట్లో పాట పాడతాడట. అది ఆయన మొక్కు. విమానంలో హార్మోనియానికి వేరే టికెట్టా అని అడుగుతున్నాడు.

అక్క,
ప్రేమలత


ఇటలీ,
మే 29, 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి విజయ్‌కు ఫోను చేశాను. ఆపరేషను తప్పదన్నాడు. ఇన్ని నెలలు నాకెందుకు చెప్పలేదని నిన్ను అడగను. నువ్వు ఎవరికీ ఏదీ సగం తెలిసినప్పుడు చెప్పవు.

ఆ ఇంటి గురించి నువ్వు రాసింది చదివి, జవాబు రాయబోయి కాగితం చించేశాను. ఆదివారం సెలవు అడిగి వెళ్ళాను. కొవ్వొత్తి వెలిగించనివ్వరు. ఆ వాద్యం ముందు నిలబడి "మాదన్న, ఎమ్మిగనూరు" అన్నాను. గట్టిగానే అన్నాను. కాపలా ఆమె తిరిగి చూసింది. ఈ మాట నాయనకు చెప్పు. మనసు కుదుటపడితే కర్నూలుకు ధైర్యంగా పోతాడు.

ఇంకో సంగతి. ఆ ఇల్లు చూసినప్పటి నుంచి అనుకుంటున్నాను. నాయన పెట్టెను ఇక ఎవరికీ ఇవ్వొద్దు. పెళ్ళికని, భజనకని అడిగితే లేదను. పిల్లలను మెట్లు నొక్కనివ్వకు. గుడ్డ కప్పి ఆ గదికి తాళం వెయ్యి. నాయన కండువా, కళ్ళద్దాలు, నాటకం నేర్పేటప్పుడు చేతిలో పట్టుకునే బెత్తం, అన్నీ ఒకచోట తీసి పెట్టు. డిసెంబరులో వచ్చి నేనే చక్కగా అమరుస్తాను. మన నాయన ఇల్లు మాత్రం తక్కువా?

మోకాళ్ళ మీదే ఉన్నాను, మీ కోసం.
హేమ


ఎమ్మిగనూరు,
జూన్ 27, 2024

హేమకు,

క్షేమం అని రాయలేను. ప్రభువు దగ్గర ఉన్నాం అని రాస్తాను.

నాయన ఇరవైకి కర్నూలు పోలేదు. నువ్వు పేరు చెప్పావని వినగానే లేచి కూర్చున్నాడు. "సెప్పినాదంట కదా. ఇంగ కత్తి ఏంటికి?" అన్నాడు. విజయ్ బతిమాలాడు, తర్వాత అరిచాడు. నేను జపమాల పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. అంతకంటే నాకు రాదు. నాయన కదలలేదు. ఆసుపత్రి వాళ్ళు ఆ రోజు ఇంకొకరికి ఇచ్చారు.

కళ్ళద్దాలు తీసి పెట్టమని రాశావు. ఆయన అవి తీసి నా చేతిలో పెట్టాడు. "సిన్నపాప నన్ను అప్పుడే అద్దాల పెట్టెలో పెట్టేసినాది" అన్నాడు. నువ్వు అలా అనలేదని చెప్పాను. వినలేదు. ఆ పూట అద్దాలు లేకుండానే అన్నం తిన్నాడు, పచ్చడి అనుకుని ఉప్పు కలుపుకున్నాడు.

గదికి తాళం వేయలేదు. వేస్తే ఎలుకలు పెట్టె తిత్తి కొరుకుతాయి.

మొన్న మన వీధిలో దినేష్ వాళ్ళ అవ్వ పోయింది. నాయన వద్దన్నా మట్టికి వెళ్ళాడు. ఫాదరు ప్రార్థన ముగించాక అందరూ ఆయన వైపు తిరిగారు. పెదవులు కదిపాడు. పాట లేవలేదు. కొంతసేపు చూసి మట్టి వేశారు. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నువ్వు మొక్కిన రోజు ఏదైనా గురుతు కనిపించిందా? నాయన అడగమన్నాడు.

అక్క


ఇటలీ,
జూలై 18, 2024

అక్కా,

నీ ఉత్తరం అందగానే ఫోను చేసి నీకు అంతా చెప్పాను. "నా నోటి మాట నమ్మడు, నీ సేతిరాత నమ్ముతాడు, రాయి" అన్నావు. రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు. నాయన ఆపమన్నా ఆపకు.

నాయనా, ఆయన పునీతుడు కాదు.

ఆయన నాటకాలకు పాటలు కట్టేవాడు. నువ్వు చేసిన పనే. ఇక్కడి నాటకాల్లో మాటలు తక్కువ, అంతా పాటే. రాజులు, రాణులు, కత్తిపోట్లు, విషం తాగడాలు. పొడిపించుకున్నవాడు కూడా వెంటనే చావడు, నిలబడి తీరిగ్గా పాడి అప్పుడు చస్తాడు, మన ఉచ్చీరప్పన్న పద్యం లాగే. ఆయన గుడికి సరిగ్గా పోయేవాడు కాదని, ఫాదర్లతో తగాదాలని మా అవ్వ చెప్పి నవ్వుతుంది. అది మ్యూజియం, నాయనా. చూడటానికి పెట్టిన ఇల్లు. అక్కడ మొక్కులు లేవు. అవ్వ గుండె మీద చెయ్యి పెట్టుకున్నది మొక్కడానికి కాదు. పోయిన వాళ్ళాయన ఆ పాటలు పాడేవాడట.

నేను నీ పేరు చెప్పింది మాత్రం నిజం. నీకు ధైర్యం వస్తుందని చెప్పాను. ఆ ధైర్యంతో నువ్వు ఇంట్లోనే కూర్చుంటావని అనుకోలేదు. నీ వస్తువులు దాచమన్నది నువ్వు పోతావని కాదు. ఎవరో వంద దేశాల వాళ్ళు వచ్చి ఆయన గరిటె చూస్తుంటే, మా నాయన బెత్తం ఎవరు చూస్తారని కడుపు మండింది. అంతే.

కాళ్ళు పట్టుకుంటాను, కర్నూలు పో. మాట లేకపోతే పోనీ. డిసెంబరుకు నువ్వు ఉండు. నేనే మాట్లాడతాను, నువ్వు బెత్తంతో కొడుదువుగానీ.

హేమ


ఎమ్మిగనూరు,
ఆగస్టు 10, 2024

చెల్లి హేమకు,

నెమ్మది కలుగుగాక.

పూర్తిగా చదివాను. ఆపలేదు. ఉచ్చీరప్ప కూడా ఉన్నాడు. తల దించుకున్నాడు.

నాయన నవ్వాడు. శబ్దం లేదు, భుజాలు కదిలాయి. "ఓరి ఉచ్చీరా, నాటకాల మేష్ట్రుకు మొక్కించినావు గదరా నన్ను" అన్నాడు. "మొక్కితే తప్పేముంది మేష్ట్రూ? ఇన్నేండ్లు నేను మొక్కింది నాటకాల మేష్ట్రుకే గదా" అన్నాడు ఉచ్చీరప్ప. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. ఉచ్చీరప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత నాయన అడిగాడు. "ఆ యప్ప పెట్టెను ఇప్పుడు ఎవురు వాయిస్తారంట?"

నీ పాత ఉత్తరం తీసి చూశాను. అద్దం మూత ఉందని, ఎవరూ వాయించరని చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "పాపం. నోరు కట్టేసినట్ల గదా" అన్నాడు. మళ్ళీ, "అంతమంది వస్తారంట, ఒక్కరన్నా ఆ యప్పకు ఒక పాట పాడరా?" అన్నాడు. ఆ సాయంత్రమంతా అదే ఆలోచన.

చీకటి పడే ముందు నన్ను పిలిచాడు. కత్తికి భయం కాదట. "ఊర్లో అందరికీ నేనే ఎత్తినా. మీయమ్మకు గూడా నేనే ఎత్తినా. నాకు ఎత్తేదెవురు పాపా? ఊరికే మన్నేసి పోతారా?" అన్నాడు. గొంతు ఉన్నంత కాలం ఎవరికైనా నేర్పవచ్చని ఆశ. కోస్తే అదీ పోతుంది. అందుకే పోలేదు. విజయ్‌కు శృతి నిలవదు. నువ్వు అక్కడ ఉన్నావు.

"నేర్పు" అన్నాను.

నన్ను ఎగాదిగా చూశాడు. నేను గుళ్ళో కూడా గొంతు విప్పనని నీకు తెలుసు. నీకు పాట, నాకు ప్రార్థన అని అమ్మ పంచి పెట్టింది. అలాగే ఉండిపోయాను.

రోజూ బడి నుంచి వచ్చాక నేర్పుతున్నాడు. ఆయన కట్టిన మట్టి పాటే. మన్ను నీది, ఊపిరి నీది, నడుమ పాటొక్కటి మాది. పదాలు అందరికీ వచ్చు. ఎత్తడమే కష్టం. గాలితో చెబుతాడు, పెట్టె మీద స్వరం చూపిస్తాడు, నేను పాడతాను. తప్పితే చేతి మీద బెత్తంతో కొడతాడు. చిన్నప్పుడు నీకు రోజూ పడేది, నాకెప్పుడూ పడలేదు. ఇన్నేళ్ళకు నా వంతు వచ్చింది.

నాకు పాట వచ్చాక కర్నూలు వస్తానన్నాడు. పెద్ద మాట ఇచ్చాడు. ప్రార్థించు.

అక్క


ఇటలీ,
ఆగస్టు 30, 2024

అక్కా,

నువ్వు పాడుతున్నావా! చదివి నవ్వాను, తర్వాత గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

త్వరగా నేర్చుకో. రాకపోయినా వచ్చేసిందని చెప్పు. ఆ ఒక్క అబద్ధానికి నీ జపమాలలన్నీ అడ్డు నిలబడతాయి.

నాయనకు చెప్పు. ఆ ఇంట్లో గోడలకు చిన్న స్పీకర్లు ఉన్నాయి. ఆయన పాటలే సన్నగా వస్తుంటాయి. ఇల్లు మూసేటప్పుడు ఆపేస్తారు. ఎదురుగా నిలబడి పాడేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ అది నాకు లోటుగా కనిపించనే లేదు. నాయన అడిగాకే కనిపించింది.

ఒక మాట నన్ను తినేస్తోంది. జూన్‌లో పోయి ఉంటే? నేను మొదటి ఉత్తరంలోనే ఆయన ఎవరో సరిగ్గా రాసి ఉంటే? నువ్వు దీనికి జవాబు రాయవని తెలుసు. అయినా అడుగుతున్నాను.

హేమ


ఎమ్మిగనూరు,
సెప్టెంబరు 24, 2024

హేమా,

విజయ్ ఫోనులో చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నువ్వు అక్కా అక్కా అంటున్నావు. నేను ఫోను అందుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. నాకు పాట వచ్చింది. అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు. నాయన మాట ప్రకారం లేచి కర్నూలు వచ్చాడు. డాక్టరు చూసి, కత్తి పెట్టేది లేదన్నాడు. నాయనను విజయ్ బయటికి తీసుకుపోయాక నేను నిలబడి అడిగాను. జూన్‌లో వచ్చి ఉంటే అని, నీ కోసమే అడిగాను. అప్పటికే ఊపిరితిత్తులకు పాకిందట. కోసి ఉంటే మాట పోయేది, మనిషీ నిలిచేవాడు కాదట. నిన్ను ఓదార్చడానికి ఇది రాయడం లేదు. డాక్టరు అన్నది రాస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గూడూరు దాటాక, నాయన నా చేతి మీద తట్టాడు. ఎత్తమని. అంతమందిలో. సన్నగా ఎత్తాను. మధ్యలో సిగ్గేసి ఆపితే కండక్టరు తిరిగి, "ఎవురమ్మా పాడేది? నిలపొద్దు" అన్నాడు. నాయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. ఎక్కడా కొట్టలేదు.

ఆ తర్వాత వారం నిలిచాడు. తెల్లవారుతుండగా, నా ఒళ్ళో పోయాడు. నొప్పి పడలేదు.

మట్టికి ఆదోని వైపు నుంచి, కౌతాళం నుంచి నాటకాల వాళ్ళంతా వచ్చారు. బొట్లు పెట్టుకున్నవాళ్ళు, జపమాలలు వేసుకున్నవాళ్ళు కలిసి మోశారు. ఫాదరు ప్రార్థన చదివాడు. ముగిసింది. ఎవరూ మట్టి వేయలేదు. ఎవరి కోసం ఆగారో వాళ్ళకే తెలియదు. అలవాటు. ప్రార్థన అయ్యాక మాదన్న మేష్ట్రు ఎత్తుతాడు, అందుకని ఆగారు. అందరూ గుంతలోకి చూస్తున్నారు.

ఉచ్చీరప్ప పెట్టె ముందు కూర్చుని మధ్యమం నొక్కి పట్టుకున్నాడు. ఆయనకు అంతే వచ్చు. నేను ఎత్తాను. మొదటి మాట కిందికి జారింది. నా చెయ్యి దానంతట అది ముందుకు పోయింది, దెబ్బ కోసం. పడలేదు. అప్పుడు తెలిసింది నాకు.

మళ్ళీ ఎత్తాను. ఈసారి నిలిచింది. జనం అందుకున్నారు.

పెట్టెకు తాళం వేయలేదు. నీకు నచ్చదని తెలుసు. ఆదివారాలు గుళ్ళో ఉంటుంది. మిగతా రోజులు ఉచ్చీరప్ప మనుషులు కౌతాళంలో వాయిస్తారు. మెట్లు ఇంకా అరుగుతాయి. అరగనీ. బెత్తం నేను ఉంచుకున్నాను. కళ్ళద్దాలు నీకు పెట్టాను, డిసెంబరులో తీసుకో.

ఒక పని మిగిలింది. నాయన మొక్కు. గొంతు నిలబడితే ఆ ఇంటి వాకిట్లో పాట పాడతానన్నాడు కదా. ఆయన పునీతుడు కాకపోయినా, ఇచ్చిన మాట మాటే. నేను అంత దూరం రాలేను. నువ్వు పో. స్పీకర్లు ఆపేదాకా ఉండు. తర్వాత వాకిట్లో నిలబడి, ఇన్నేళ్ళుగా ఎవరూ పాడని ఆ మేష్ట్రుకు ఎత్తు. పాట నీకు వచ్చు. మధ్యమం మీద మొదలుపెట్టు, మొదటి మాట జారనివ్వకు. కాపలా ఆమె తిరిగి చూస్తే చూడనీ.

గొంతు నిలబడింది, హేమా.

అక్క,
ప్రేమలత